కుట్లు మానాలంటే చుట్టాలు కావాలి!

సిజేరియన్ కుట్లు త్వరగా మానాలన్నా, మచ్చ కనపడకుండా పోవాలన్నా ప్రపంచంలో ఒకటే మందు. అది మందుల షాపులో దొరకదు. ఆటోలోంచి దిగుతుంది, చెప్పులు గుమ్మంలో అడ్డదిడ్డంగా విడుస్తుంది, బిడ్డది ఎవరి పోలిక అంటూ లోపలికొస్తుంది. దాని పేరు చుట్టం!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను. ఆస్పత్రి వాళ్ళు డిశ్చార్జ్ చేస్తారు, చుట్టాలు చార్జ్ తీసుకుంటారు. డాక్టరమ్మ రెస్ట్ అంటుంది. ఇంటినిండా గెస్టులుండగా రెస్టెందుకండీ? యాంటీబయాటిక్ రాస్తుంది. ఇంతమంది ఆంటీలుండగా యాంటీలెందుకు? ఆవిడ వేసినవి కుట్లయితే, ఆవిడ చెప్పే జాగ్రత్తలు చుట్టాల మీద కుట్ర!

సాక్ష్యం కావాలా? హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో మా గోడకు ఆనుకున్న ఇల్లు బాలనర్సింహది. పాల వ్యాపారం, ఇంటి వెనక బర్రెల కొట్టం. ఆయన కూతురు సోనీ తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఇంతే. గాయం శుభ్రంగా, పొడిగా ఉండాలి. దానిమీద ఏదీ పూయకూడదు. వదులు బట్టలు వేసుకోవాలి. వంగకూడదు, పసిపిల్లను మించిన బరువు ఎత్తకూడదు. పప్పు, గుడ్లు తినాలి, నీళ్ళు బాగా తాగాలి. మచ్చ సంగతి గాయం పూర్తిగా మూసుకున్నాక చూద్దాం, ఈలోగా జ్వరమొచ్చినా, చీము కనపడినా వెంటనే రావాలి.

ఎంత అమాయకురాలో చూడండి! సోనీకి అత్తగారి వైపు చుట్టాలుంటారన్న ఆలోచనే ఆవిడకు రాలేదు.

చాంద్రాయణగుట్ట నుంచి మొదటి ఆటో దిగింది. సారథ్యం లక్ష్మీకాంతమ్మది. సోనీ అత్తగారికి స్వయానా అక్క. పొద్దున బిడ్డను కని సాయంత్రం పిడకలు కొట్టిన మనిషి. ఆ మాట సందర్భం వస్తే చెబుతుంది, రాకపోతే రప్పించి చెబుతుంది. "కడుపు కోయిపిచ్చుకొని పండితే గది గూడ ఒక కాన్పేనా," అని మంచం మీది పిల్లను అడిగింది.

సోనీ మంచం దిగి, వంగి ఆమె కాళ్ళు మొక్కింది. మొక్కాలి కదా! వెనకున్న వాళ్ళందరి కాళ్ళూ మొక్కింది. ఇంకో ఆటో వచ్చింది. మళ్ళీ లేచింది, మళ్ళీ వంగింది. పెద్ద ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీ పేరుతో ఎంత గుంజుతారో మీకు తెలియనిదా? ఇక్కడ అంతా ఉచితం, పైన దీవెనలు బోనస్! వంగిన ప్రతిసారీ సోనీ కళ్ళు గట్టిగా మూసుకునేది. చూసినవాళ్ళు అది భక్తి అనుకున్నారు.

తరువాత సలహాల వడ్డన. పప్పు తింటే చీము పడుతుందని ఒకామె. గుడ్డు వాతమని ఒకామె. నీళ్ళు తాగితే పచ్చి కుట్లు నానిపోతాయని ఇంకొకామె! అలా బాలింత పథ్యం కాస్తా పస్తైంది. పొట్ట జారకుండా లక్ష్మీకాంతమ్మ పాత చీర తెప్పించి నడుం చుట్టూ బిగించి కట్టింది, సరిగ్గా గాయం మీదుగా. కట్టే ముందు పసుపు, కొబ్బరినూనె కలిపి మెత్తింది. ఎందుకూ? మచ్చ పడకుండా! గాయమే మానలేదు, అప్పుడే మచ్చ ముచ్చట. ఒకామె పత్తర్‌గట్టిలో కొన్న ఏదో తైలం తెచ్చింది. మరొకామె ఉల్లిపాయ రసం అంది. ఇంకొకామె కుట్లకు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అందరి అభిప్రాయం కోరింది. మామలు, బావలు, పెళ్ళికాని మరుదులు అందరూ ఉన్న గ్రూపు! ఎవరో దండం బొమ్మ పెట్టారు, ఎవరో చప్పట్లు. ఒక ఆడపిల్ల పొట్ట మీద ఇంత ప్రజాస్వామ్యం ఏ దేశంలో ఉందో చెప్పండి!

మరి కన్నతల్లి రుక్మాబాయి ఏం చేస్తోంది? ఛాయ్ పెడుతోంది. ఆమెకు ఏమీ తెలియదనుకునేరు.

పోయిన వానాకాలం వాళ్ళ బర్రె కడుపులో దూడ అడ్డం తిరిగితే పశువుల డాక్టరొచ్చి కోసి తీశాడు. ఆ కుట్లు మానేదాకా రుక్మాబాయి కొట్టం గడపలోనే కూర్చుంది. కింద పొడి గడ్డి, ఈగ వాలకుండా వేపాకు పొగ, కావలసినంత దాణా, తొట్టినిండా నీళ్ళు. చూసిపోతానన్న సొంత తమ్ముణ్ణి కూడా, పచ్చి బాలింత దగ్గరికి పోవద్దని గడప నుంచే సాగనంపింది. గోడమీంచి తొంగిచూసినందుకు నాకూ నాలుగు తిట్లు తగిలాయి. ఇప్పుడు ఆ బర్రె పొట్ట మీద వెతికినా గుర్తు దొరకదు.

ఇంత తెలిసిన మనిషి కూతురి దగ్గర నోరెందుకు మెదపలేదంటారా? బర్రెకు వియ్యాలవారు లేరండీ! వియ్యాలవారిని గుమ్మంలో ఆపితే, రేపు ఆ పిల్ల కాపురానికి వెళ్ళాల్సింది వాళ్ళింటికే. అల్లుడు కూడా ఫోన్ చేసి, పెద్దమ్మ మనసు నొప్పించొద్దని భార్యకు చెప్పాడు. నొప్పి ఎవరికి ఉండకూడదో ఆయనకు చాలా స్పష్టంగా తెలుసు.

ఓ పొద్దున సోనీకి వణుకుతో జ్వరమొచ్చింది. కట్టు విప్పితే గాయం మధ్యలో నోరు తెరుచుకుని ఉంది. ఆ ఇంట్లో నోరు తెరిచింది అదొక్కటే! అదే సమయానికి చాంద్రాయణగుట్ట నుంచి ఫోన్, మళ్ళీ బయల్దేరామని. గోడ ఇవతల నాకు అన్నీ వినపడుతున్నాయి.

"ఒక్క పూట ఓర్సుకో బిడ్డా. వాళ్ళు వచ్చిపోయినంక దవాఖానకు పోదాం," అంది రుక్మాబాయి.

సోనీ ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. "నన్ను గూడ కొట్టంల కట్టెయ్యరాదే అమ్మా," అంది. "ఆడికైతే ఎవ్వలు రారు గద."

రుక్మాబాయి భర్తను కేకేసి ఆటో పిలవమంది.

వీళ్ళ ఆటో కదలబోతుంటే వాళ్ళ ఆటో వచ్చి ఆగింది. లక్ష్మీకాంతమ్మ దిగి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంది వదినె, మేమొస్తుంటే మీరు పోతున్నరు?"

"పోతున్నం వదినె. ఛాయ్ పొయ్యి మీదున్నది, పోస్కోని తాగుండ్రి," అని రుక్మాబాయి కూతురి పక్కన సర్దుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో మళ్ళీ చేర్చుకున్నారు. ఆ తరువాత ఆ పిల్ల పడ్డ దుస్థితి ఏం చెప్పను! రోగికి ఒక్కరే తోడుండాలట. పెద్దత్తనన్నా వినకుండా గేటు దగ్గర వాచ్‌మన్ లక్ష్మీకాంతమ్మను వెనక్కి పంపాడట. పలకరించే దిక్కులేక, మొక్కుదామంటే ఒక్క జత కాళ్ళు కనపడక, ఆ అభాగ్యురాలు కడుపునిండా పప్పన్నం తిని, నీళ్ళు తాగి, నిద్రపోయింది. ఇంత నిర్లక్ష్యం చేస్తే గాయం ఏమవుతుంది మరి? మానిపోయింది!

ఆడపిల్ల వాళ్ళకు మర్యాద తెలియదని చాంద్రాయణగుట్టలో ఇప్పుడు ఒకటే లొల్లి. నిజమే. మర్యాద తగ్గితే తప్ప ఆ పిల్లకు జ్వరం తగ్గలేదు.

మచ్చ మాత్రం మిగిలింది. రెండు కొసల్లో డాక్టరమ్మ గీసిన గీత సన్నగానే ఉందట. మధ్యలో వెడల్పుగా, ఎగుడుదిగుడుగా ఉన్నది మన చుట్టాలది. గాయం పూర్తిగా మూసుకున్నాక ఆవిడ ఏదో సిలికాన్ జెల్ ఇచ్చింది. నెలల తరబడి రాస్తే కొంత తగ్గుతుందట.

చూడ్డానికొచ్చే వాళ్ళు తగ్గాలంటే ఏం రాయాలో మాత్రం చెప్పలేదు.