శాకాహారుల ఇంట్లో సముద్రపు పువ్వు

వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున హేమంత్‌కుమార్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కింది ఇంట్లో పూజ గంట మోగేలోగా పువ్వుకు రొయ్య పెట్టెయ్యాలి. ఆ తర్వాత స్నానం, ఉప్మా, ఆఫీసు కాల్.

పువ్వంటే నిజంగా పువ్వు కాదు. అనిమోన్ అనే సముద్రపు జీవి. రాయికి అంటుకుని, వేళ్లలాంటి రేకలు చాపుకుని ఊగుతూ ఉంటుంది. ఉప్పునీళ్ల తొట్టి కుదురుకోవడానికి ఆరు నెలలైనా పడుతుందని, అంతవరకూ దీన్ని తేవద్దని శివాజీనగర్‌లో చేపతొట్ల దుకాణం నడిపే నాగరాజ్ చెప్పనే చెప్పాడు. ఆరు నెలల పనిని ఆరు వారాల్లో ముగించి మెప్పు పొందే ఉద్యోగం హేమంత్‌ది. ఆరో వారంలోనే తెచ్చేశాడు. అప్పట్నుంచి అది ఒకరోజు విచ్చుకునేది, మరోరోజు ముడుచుకుని అలిగేది. అతను మాత్రం రోజూ దాని చుట్టూ తిరిగేవాడు.

ఇల్లు మడివాళ మార్కెట్ వెనక సందులో ఉంది. గేటుకు ‘శాకాహారులకు మాత్రమే’ అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసిన బోర్డు ఉంది. హేమంత్‌కు, అతని భార్య హర్షితకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరూ ప్రొద్దుటూరువాళ్లు, గుడ్డు కలిసిందేమోనని కేకు కూడా ముట్టని ఇళ్లలో పుట్టినవాళ్లు. మూడిళ్లు మారాక దొరికిన ఇల్లిది. గాలి వస్తుంది, కావేరి నీళ్లు వస్తాయి, ఓనరు సావిత్రమ్మ అప్పుడప్పుడూ చారు పంపుతుంది. ఇంకోసారి ఇల్లు మారాల్సి వస్తే సామాన్లతోపాటు తననూ పెట్టెలో పెట్టి మొయ్యాల్సిందేనని హర్షిత ముందే చెప్పింది.

తొట్టి మేడమీదికి ఎక్కిస్తున్న రోజున సావిత్రమ్మ మెట్ల దగ్గర ఆపింది.

“ఏమప్పా, చేపలా?”

“కాదాంటీ. సముద్రంలో పూసే పువ్వు.”

“ఏం తింటాది?”

“వెలుతురు,” అన్నాడు హేమంత్.

పూర్తిగా అబద్ధం కాదు. దాని తిండిలో సగం వెలుతురేనని నాగరాజ్ చెప్పాడు. మిగతా సగం సంగతి బోర్డు గుర్తొచ్చి గొంతులోనే ఆగిపోయింది. ఆ సగాన్ని హేమంత్ ఆఫీసు నుంచి వస్తూ, తెలిసినవాళ్లెవరూ తగలని హెబ్బగోడిలో కొని, ఫ్రీజర్లో కొబ్బరి తురుము డబ్బా వెనక దాచేవాడు. పట్టకారుతో తీసి, మొహం పక్కకి తిప్పుకుని, తొట్టిలో వేసేవాడు. రొయ్యను దగ్గరగా చూసే ధైర్యం అతనికి ఇంకా రాలేదు. ఇన్నాళ్లూ దొరికినవి పిల్ల రొయ్యలు కాబట్టి పువ్వు ఎలాగో సర్దుకుంది. ఈసారి మాత్రం పెద్దవి వచ్చాయి.

ఆ పొద్దున పట్టకారుతో రొయ్యను పట్టుకొచ్చి చూస్తే పువ్వు దాని చోట లేదు. రాత్రికి రాత్రి రాయి వెనకనుంచి నడిచొచ్చి తొట్టి ముందరి అద్దానికి అతుక్కుని, వీధి తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది. నచ్చని చోటినుంచి కదలడం వాటికి మామూలే. ఆశ్చర్యపోయేలోపే తలుపు చప్పుడైంది. పేరంటానికి పిలవడానికి సావిత్రమ్మ పసుపు కుంకాలతో వచ్చింది. హేమంత్ పట్టకారును వీపు వెనక దాచుకున్నాడు.

ఆమె హర్షితకు బొట్టు పెట్టి, తొట్టి వైపు చూసి అట్లాగే నిలబడిపోయింది. “నిన్న రాయి వెనకాల ఉండె గదప్పా?”

“నడిచొచ్చిందాంటీ.”

“వ్రతం పొద్దున నడిచొచ్చిందా?”

అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది. కానీ వీపు వెనక రొయ్య కరిగి అతని పైజమా మీదికి కారుతోంది. ఆ స్థితిలో ఎవరికైనా ముందు మౌనమే తోస్తుంది. ఆ మౌనాన్ని సావిత్రమ్మ భక్తి అనుకుంది. లక్ష్మి పుట్టింది సముద్రంలో, పువ్వు పుట్టింది సముద్రంలో, అమ్మవారు తమ మేడమీదికే వచ్చిందని కళ్లు తుడుచుకుంది. సాయంత్రం పేరంటాళ్లను పైకి తీసుకొస్తానని చెప్పి దిగిపోయింది.

అంతమంది ముందు పువ్వు ముడుచుకుని కూర్చుంటే బాగుండదని హేమంత్‌కు బెంగ పట్టుకుంది. కడుపు నిండితే కళగా ఉంటుందని, పెద్ద రొయ్యను తలతో, తోకతో, మీసాలతో సహా పెట్టేశాడు. పువ్వు దాన్ని ఎంతో కష్టపడి మింగింది.

సాయంత్రానికి కథ సందు దాటింది. పువ్వు నడిచొచ్చిందని పక్కింటి నాగలక్ష్మి అంటే, మెట్లెక్కి వచ్చిందని ఆ పక్కింటివాళ్లు అన్నారట. ఏడెనిమిది మంది వస్తారనుకున్న చోట మెట్ల నిండా చెప్పులే. ఒకామె తొట్టిలో అక్షింతలు వెయ్యబోయింది. హేమంత్ అడ్డం పడి, అవి మడి నీళ్లు, ఏమీ తగలకూడదన్నాడు. దాంతో అందరికీ భక్తి ఇంకా పెరిగింది. మడి నీళ్లను తీర్థంగా ఇమ్మని ఒక ముసలామె దోసిలి పట్టింది. అది మనుషులు తాగేది కాదని హర్షిత ఆమెను తప్పించేసరికి తాతలు దిగొచ్చారు.

నాగలక్ష్మి మంగళహారతి ఎత్తుకుంది. బాగా కనబడుతుందని ఎవరో లైటు ఆర్పేశారు. కర్పూరం వెలుగులో పువ్వు మెల్లగా ముడుచుకుంది. నడిమధ్య ఉబ్బింది. నోరు తెరుచుకుంది.

“ఏమో ఇస్తాది సావిత్రక్కా,” అంటూ నాగలక్ష్మి కొంగు పట్టింది.

ఇచ్చింది. పొద్దున మింగిన రొయ్యను పువ్వు నిదానంగా, అందరికీ కనబడేలా బయటికి కక్కింది. రొయ్య మీసాలతో సహా అద్దం వెంబడి జారి, ఇసుకలో బోర్లా పడింది.

పాట ఆగిపోయింది. హర్షిత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమె మనసులో అప్పుడే సామాన్లు పెట్టెల్లోకి వెళ్లిపోతున్నాయి. హేమంత్ నోరు విప్పబోయాడు. కానీ సావిత్రమ్మ తొట్టి మీదికి వంగి, ఆ రొయ్యనే చూస్తోంది.

“పొట్టు తీయకుండా, తల తుంచకుండా పెడితే ఎట్ల అరుగుతాదప్పా?” అంది నెమ్మదిగా. “వీపున నల్ల నరం ఉంటాది, అది లాగేయాల. చిన్న తుంటలు చేసి పెట్టాల.”

ఇప్పుడు అందరూ రొయ్యను వదిలి సావిత్రమ్మను చూశారు.

“నీకెట్ల తెలుసక్కా?” అంది నాగలక్ష్మి.

సావిత్రమ్మ హారతి పళ్లెం సర్దుకుంది. కింద శనగలు చల్లారిపోతున్నాయని చెప్పి అందర్నీ దించేసింది. చివరగా తను దిగుతూ, ఆదివారం ఆయన భజనకి పోయినాక వచ్చి మాట్లాడతానంది. ఆ గొంతులో కోపం లేదు. హేమంత్‌కు అదే ఎక్కువ భయం వేసింది.

శనివారం హర్షిత కిరాణా కొట్టునుంచి అట్టపెట్టెలు తెచ్చి హాల్లో పేర్చింది.  అతను తొట్టి ముందు కూర్చున్నాడు. పువ్వు వేలెడంత అయిపోయి మూలకు చేరింది. ఎక్కడో సముద్రంలో ఉన్నదాన్ని ఈ గాజుపెట్టెలోకి తెచ్చాడు. తనకు ఈ ఇంట్లో చోటు పోకూడదని దాని తిండిని దాచాడు. తొందరపాటూ తనదే, పిరికితనమూ తనదే. అతనికి దానిమీద జాలేసింది, తనమీద సిగ్గేసింది.

ఆదివారం ఆమె భర్త చిన్నప్ప తాళాలు తీసుకుని భజనకు బయల్దేరగానే సావిత్రమ్మ పైకి వచ్చింది. ఆమె చేతిలో నోటీసు లేదు, చిన్న కత్తి ఉంది. అట్టపెట్టెల్ని ఒకసారి చూసి, వాటి పక్కనుంచి నడిచి, వంటింట్లో పీట వేసుక్కూర్చుంది.

“ఆ రొయ్యల డబ్బా తీసకరా.”

హేమంత్ తెచ్చాడు. ఆమె వేళ్లు ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత ఆగలేదు. తల తుంచడం, పొట్టు ఒలవడం, వీపు గీసి నరం లాగడం, అన్నీ మాటల మధ్యలోనే జరిగిపోయాయి.

“మాది తడ పక్కన. పులికాట్ చెరువు రొయ్యలు తిని పెరిగినా. పెండ్లయి ఈ ఇంటికొస్తే వీళ్లంతా తులసిమాలలోళ్లు. మా అత్త మూడు కడవల నీళ్లు నెత్తిన పోసి లోపలికి పిలిచె. అంతే, నోరు కట్టేసుకుంటి. ఆయన అడగల్యా, నేను చెప్పల్యా.”

“మరి గేటు మీద బోర్డు...” అంది హర్షిత.

“నేనే రాయించినా తల్లీ. పై ఇంట్లోంచి వాసనొస్తే నా వల్ల కాదని.”

హర్షిత ఆమె పక్కనే కింద కూర్చుంది. 

సావిత్రమ్మ ఒక చిన్న తుంట కోసి హేమంత్‌కు ఇచ్చింది. ఈసారి అతను మొహం తిప్పుకోకుండా, మెత్తగా పువ్వు మధ్యన పెట్టాడు. ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఒక రేక కదిలింది, ఇంకొకటి కదిలింది, అన్నీ కలిసి ఆ తుంటను లోపలికి తీసుకున్నాయి. ఇది కూడా పుట్టిల్లు విడిచొచ్చిందే గదా అంటూ సావిత్రమ్మ ముక్కు చీదింది.

మిగిలిన రొయ్యల్ని పారేస్తే పాపమని ఆమే అంది. హర్షిత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక పాత బాణలి ఇచ్చి, కిటికీ తెరవబోయింది. సావిత్రమ్మ వద్దని మూయించింది.

ఆ సాయంత్రం అట్టపెట్టెలు కిరాణా కొట్టుకు వెళ్లిపోయాయి. బోర్డు గేటుమీదే ఉంది. మేడమీదినుంచి ఏదో వాసనొస్తుండాదని చిన్నప్ప ఒకసారి అడిగితే, సముద్రపు పువ్వు విచ్చుకున్నప్పుడు అట్లాగే ఉంటుందని హేమంత్ చెప్పాడు. ఆయన గట్టిగా ఒకసారి పీల్చి, బాగానే ఉండాదే అనుకుంటూ లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు పువ్వు బాగా కోలుకుంది. వారానికి అది తినేది అర రొయ్య. సావిత్రమ్మ దానికోసమని తెప్పించేది అర కిలో.