నూట పదమూడో ప్రశ్న

మనిషికి తన మతం మీద అసలైన శ్రద్ధ కలగాలంటే గుళ్ళూ చర్చిలూ చాలవండీ. కెనడాలో శరణార్థిగా అప్లై చేయాలి. అది రిజెక్ట్ అవ్వాలి! ఒకసారి రిజెక్ట్ అయితే భక్తి మొదలవుతుంది. అప్పీలు కూడా పోతే ముదురుతుంది. కోర్టు దాకా వెళ్ళారంటే ఇక ఆ మనిషికి మనం కాళ్ళకి దండం పెట్టాల్సిందే.

నవ్వకండి. మీ మతం గురించి వరసగా పది ప్రశ్నలు వేస్తే మీలో ఎంతమంది పాసవుతారు? వినాయకచవితి కథ ఏటా చదువుతారు కదా, పుస్తకం చూడకుండా చెప్పగలరా? అదీ ఇప్పుడు పుస్తకం కాదు, ఫోన్‌లో పీడీఎఫ్! ఇంతవరకూ మనల్ని ఎవరూ చెక్ చేయకపోబట్టే హాయిగా భక్తులుగా చలామణీ అయిపోతున్నాం.

ఈ సంగతి ఓక్‌విల్‌లో ఉండే యజ్ఞనారాయణ గారికి ఆలస్యంగా తెలిసింది. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు బ్రేకులు పరీక్షించి రిటైరైన ఇంజనీరాయన. ఇంట్లో తోచక తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేరారు. శరణార్థుల ట్రిబ్యునల్ విచారణలు ఇప్పుడు వీడియోలోనే కాబట్టి బేస్‌మెంట్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు. రూలు ఒక్కటే. అవతలివాళ్ళు "నేను" అంటే ఈయన కూడా "ఐ" అనాలి. "ఆవిడ ఇలా అంటోందండీ" అనడానికి వీల్లేదు.

ఆయనకి వచ్చిన మొదటి కేసు దయామణిది. కోస్తాలో ఒక పల్లెటూరు. మేనకోడలి పురిటికని విజిటర్ వీసా మీద వచ్చి, ఇక్కడే ఆశ్రయం అడిగింది. క్రైస్తవులని ఊళ్ళో కొందరు బతకనివ్వడం లేదనీ, ప్రార్థన చేసుకునే షెడ్డు తగలబెట్టారనీ దరఖాస్తులో రాయించింది. వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకి టేపు వేస్తుంది. కేసు పోతే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ ఆ ఊరికే.

ఇవన్నీ పేపర్ల కోసం ఆడే నాటకాలని యజ్ఞనారాయణ గారికి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మైకు ఆన్ చేసి, గొంతు సవరించుకుని, "ఐ వాజ్ బాప్టైజ్డ్ ఇన్ ద కెనాల్" అన్నారు.

సరిగ్గా అప్పుడే భార్య పద్మిని గారు వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేద్దామని బుట్టతో మెట్లు దిగుతున్నారు. ఆ మాట విని బుట్ట అక్కడే వదిలేసి పైకి పరిగెత్తి, హైదరాబాద్‌లో తమ్ముడికి ఫోన్ చేశారు. "ఒరేయ్, మీ బావగారు కాలవలో మునిగారట్రా! నాకొక్క ముక్క చెప్పలేదు!" విచారణలో మాటలు బయట చెప్పకూడదు కాబట్టి యజ్ఞనారాయణ గారు నోరు మెదపలేదు. ఆ శనివారం గుళ్ళో ఆయన పేరు మీద అభిషేకం జరిగింది.

ఇక పరీక్ష. "మీది ఏ శాఖ?" అన్నారు ట్రిబ్యునల్‌లో తీర్పు చెప్పే మెంబరు గారు. "రేకుల షెడ్డండీ" అంది దయామణి. పెంతెకొస్తు పండగ విశిష్టత ఏమిటన్నారు. "ఆరోజు పాస్టరుగారమ్మాయి పెళ్ళయిందండీ, సాంబారు నేనే కాశాను." నాలుగు సువార్తల పేర్లూ వరసగా చెప్పమన్నారు. "చదువు రాదండీ, పాటలైతే వచ్చు" అని అందుకోబోతే, టైమ్ లేదన్నారు. మరి ఆధార్ కార్డు ఫొటోలో బొట్టెందుకుంది? "పెట్టుకుంటే బాగుంటాను కదండీ!"

షెడ్డు తగలబడిన ఆదివారం గురించి చెప్పబోయింది. అది మీ స్టేట్‌మెంట్‌లో రాసి ఉంది కదా, మళ్ళీ అక్కర్లేదన్నారు మెంబరు గారు. యజ్ఞనారాయణ గారికి ఫ్యాక్టరీ అలవాటు పోలేదు. ప్రశ్నకొక గీత చొప్పున నోట్‌ప్యాడ్‌లో గీసుకుంటూ పోయారు. యాభై ఒకటి తేలాయి. నిజమైన విశ్వాసికి తెలియవలసినవి ఈవిడకి తెలియవు కనుక ఈవిడ విశ్వాసి కాదని తీర్పొచ్చింది. ఎంత చక్కటి లెక్క!

మర్నాడు పొద్దున ఆచమనం చేస్తూ ఆయనకెందుకో అనుమానం వచ్చి, కేశవ నామాలు వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఇరవై నాలుగింటికి పదకొండు దగ్గర ఆగిపోయాయి. సరే, ప్రవర చెప్పుకుందామనుకుంటే గోత్ర ఋషుల్లో ఒకాయన ఎంతకీ గుర్తురాలేదు. బొట్టు సంగతి సరేసరి, ఆయన డ్రైవింగ్ లైసెన్సు ఫొటోలో అసలు లేదు. ఆ మెంబరు గారే తనని విచారిస్తే ఓక్‌విల్‌లో ఒక్క పూట కూడా ఉండనివ్వరని తేలిపోయింది. చూశారా, పక్కన కూర్చున్నవాడికే ఇంత మేలు జరిగితే రిజెక్ట్ అయినావిడకి ఎంత జరగాలి?

జరిగింది! అప్పీలు కూడా పోయాక, రూప అనే లాయరమ్మాయి కేసుని పట్టుకెళ్ళి కోర్టులో వేసింది. ఆ రెండున్నరేళ్ళూ దయామణి చేతులు టేపు వేస్తున్నాయి, చెవులు బైబిలు వింటున్నాయి. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఇయర్‌ఫోన్లోనే మూడుసార్లు అయింది. చివరికి వాన్‌లో పాస్టరుగారే ఏ వచనం ఎక్కడుందో గుర్తురాకపోతే ఈవిడకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఇంత జ్ఞానం ఏ సండే స్కూల్లో వస్తుందండీ?

జడ్జిగారు కేసు విని, భక్తి అంటే క్విజ్ పోటీ కాదని ట్రిబ్యునల్‌కి గట్టిగానే చెప్పారు. దయామణి గెలిచింది! బహుమతి ఏమిటనుకున్నారు? ఇంకో విచారణ. ఇంకో మెంబరు గారు.

మళ్ళీ బేస్‌మెంట్, మళ్ళీ యజ్ఞనారాయణ గారు. ఈసారి అరవై ఒక్క ప్రశ్నలు. దయామణి ఒక్కటి తప్పితే ఒట్టు! పన్నెండుమంది శిష్యులతో ఆగకుండా వాళ్ళలో అన్నదమ్ములెవరో కూడా చెప్పింది. యజ్ఞనారాయణ గారికి లోపల్లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. నాటకం అన్న మాట ఆయన ఎప్పుడో మరిచిపోయారు.

మెంబరు గారు కళ్ళజోడు తీశారు. "ఇంత టకటకా చెబుతున్నారంటే బట్టీ పట్టినట్టుంది. చివరగా ఏమైనా చెప్పుకుంటారా?"

దయామణి ముందుకు జరిగింది. "ఏం చెప్పమంటారండీ. ఆ ఆదివారం పొద్దున్న మా షెడ్డుకి నిప్పెట్టడానికొచ్చినోళ్ళు నన్నొక్క ప్రశ్నా అడగలేదండీ. సువార్తలెన్నని అడగలేదు. బొట్టెందుకని అడగలేదు. చూడగానే నమ్మేశారు."

విన్నారుగా! కాగితం ముక్క అడక్కుండా, కళ్ళతో చూసి భక్తిని తేల్చేసే నిపుణులు ఆ ఊళ్ళోనే ఉన్నారు. మన ట్రిబ్యునల్ ఆ నిపుణుల్ని సలహాదారులుగా పెట్టుకుని ఉంటే మూడేళ్ళు కలిసొచ్చేవి.

యజ్ఞనారాయణ గారు తర్జుమా చేయాలి. "దే ఆస్క్‌డ్ మీ నథింగ్" అన్నారు. ఆ "మీ" ఆయన నోట రెండుసార్లు వచ్చింది. మెట్ల మీద బట్టల బుట్టతో వస్తున్న పద్మిని గారు అక్కడే ఆగిపోయారు.

మెంబరు గారు ముందున్న కాగితాలు పక్కకి జరిపారు. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి" అన్నారు.

యజ్ఞనారాయణ గారు గీత గీశారు. పాత యాభై ఒకటితో కలిపి నూట పదమూడు.

అన్నిటికీ టకటకా జవాబు చెప్పిన మనిషి దీనికి మాత్రం ముందు కొంచెం మంచినీళ్ళు తాగొచ్చా అని అడిగింది.

"కెన్ ఐ హావ్ సమ్ వాటర్?" అన్నారు యజ్ఞనారాయణ గారు, రూలు ప్రకారం.

పద్మిని గారు బుట్ట దించి, గబగబా పైకెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టారు. ఆయన గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగేశారు.