ఆరో కుర్చీ అంతర్ధానం

నేరస్థులారా, వణకండి! గోడ గడియారం చప్పుడు విని ఆ ఇంట్లో దొంగ ఎవరో చెప్పగల అపరాధ పరిశోధకుణ్ణి నేను. ఇంతవరకూ ఒక్క కేసు కూడా ఓడిపోలేదు. ఒక్కటీ రాలేదు కాబట్టి.

మొదటి కేసు మా అక్కే ఇచ్చింది. అక్క పాత కుర్చీలు బాగుచేస్తుంది. డెబ్భై ఏళ్ల కిందట ఇటలీలో చేసిన భోజనాల బల్ల కుర్చీలు ఆరు, విరిగిన కాళ్లతో, చిరిగిన సీట్లతో దాని చేతికొచ్చాయి. నాలుగు నెలలపాటు పాత వార్నిష్ గీకి, కాళ్లు అతికించి, సీట్లన్నీ జమ్ముతాడుతో మళ్లీ అల్లింది. వేళ్లు కాయలు కాశాయి. అదే దాని మొదటి పెద్ద పని. ఆవేళ నాలుగింటికి కుర్చీల యజమానురాలు వస్తోంది.

"ఒరేయ్, ఆరోది కనబడటం లేదురా!" ఫోన్ చేసి అంది అక్క. "ఆరూ ఉంటేనే తీసుకుంటానని ఆవిడ ముందే చెప్పింది. ఒకటి పోగొట్టానని తెలిస్తే ఇంకెవరైనా నాకు పనిస్తారా? నీకు ఫోన్ చేశానంటేనే అర్థం చేసుకో, ఎంత గతిలేక ఉన్నానో."

ఆ చివరి మాట నేను విననట్టే ఊరుకున్నాను. కోటు తొడుక్కుని, భూతద్దం పట్టుకుని రెండింటికల్లా వర్క్‌షాపులో దిగాను.

ముందు గదిలో దుప్పటి కప్పిన ఆసనమేదో కనిపిస్తే దానిమీద కూలబడ్డాను. మేధావులు నిలబడి ఆలోచించరు.

"ఆఖరిసారి ఎక్కడ చూశావ్?"

"వెనక గదిలో, ఫ్యాన్ కింద. నేను బజారుకెళ్లి వచ్చేసరికి లేదు."

"బావ?"

"ఆవిణ్ణి తీసుకురావడానికి వెళ్లారు. ఫోన్ ఇక్కడే మర్చిపోయారు."

"అయితే మొదటి అనుమానితుడు బావే!"

"నోర్ముయ్."

అక్క అటకలూ మూలలూ వెతుకుతుంటే నేను కూర్చున్నచోటి నుంచే పర్యవేక్షించాను. అంతలో పక్క షాపు సోఫా మేస్త్రీ చెక్కలు బిగించే క్లాంప్ అడగడానికి వచ్చాడు. అతని చెప్పుకి జమ్ము పోగు!

"దొరికావ్! కదలకు!"

"ఎక్కడికి కదుల్తాను బాబూ, క్లాంప్ ఇస్తే పోతాను."

"ఈ పోగు ఎక్కడిది?"

"మీ గుమ్మంలోదే. మీ జుట్టులో కూడా ఉంది, చూసుకోండి."

నా జుట్టు సాక్ష్యం కిందికి రాదని కూర్చున్నచోటే ఎగిరెగిరి పడుతూ గర్జించాను. కుర్చీని సోఫాలో దాచి పైన గుడ్డ కుట్టేశాడన్న నా సిద్ధాంతాన్ని వినిపించాను. మేస్త్రీ అక్కవైపు జాలిగా చూశాడు. అక్క ఏడుపు ఆపుకుంటోంది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నామీద నాకే అసహ్యం వేసింది. అవి వెర్రివేషాలని నాకూ తెలుసు. దాన్ని ఎలా ఓదార్చాలో తెలియకే వేస్తున్నాను.

"ఇడుగో నేరస్థుడు!" అంటూ ఒక్క ఉదుటున లేచాను. కోటు గుండీకి చిక్కుకుని దుప్పటి కూడా నాతోపాటే లేచింది.

కింద ఆరో కుర్చీ.

సరిగ్గా అప్పుడే బావ ఆవిణ్ణి వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. "అదేంట్రా, దుమ్ము పడకూడదని ఇక్కడికి తెచ్చి కప్పి వెళ్తే ఎందుకు తీశావ్?"

ఆవిడ సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. "అందంగానే ఉంది గానీ అమ్మాయ్, మనుషులు కూర్చుంటే ఆగుతుందా?"

అక్క కళ్లు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "తొంభై ఎనిమిది కిలోలండీ. రెండు గంటలు. మధ్యలో గెంతులు కూడా."

ఆవిడ నా చేతిలో భూతద్దం లాక్కుని అల్లికంతా వెతికింది. ఒక్క పోగు కూడా కదల్లేదు. ఆరు కుర్చీలూ బండెక్కాయి. "మా చెల్లెలింట్లో ఇలాంటివే ఇంకో ఎనిమిదున్నాయి, పంపిస్తాను," అని ఆవిడ కూడా ఎక్కింది.

బండి మలుపు తిరగ్గానే అక్క నా వీపుమీద ఒక్కటి చరిచి, గట్టిగా నవ్వేసింది.

"ఆ ఎనిమిదీ అల్లాక కబురు చేస్తాను, వచ్చి కూర్చో. భూతద్దం మాత్రం ఇంట్లో పెట్టి రా."