బొమ్మలో చోటు

పాత జనపనార మిల్లు స్థలంలో కట్టబోయే కొత్త పేటలోకి, ఇటుక ఒక్కటైనా పడకముందే, గేటు దగ్గరి పెద్ద బోర్డు మీద గీసిన మనుషులు దిగివచ్చి కాపురం పెట్టారు. సోమవారం పొద్దున దిగారు. వాళ్లకి ముందువైపు మాత్రమే ఉంది, వీపులు లేవు. పక్కనుంచి చూస్తే సన్నటి గీతల్లా ఉండేవారు. ఊరు చూడ్డానికి సిటీ బస్సెక్కితే కండక్టరు కాసేపు ఆలోచించి అందరికీ అర టిక్కెట్టు కొట్టాడు.

తీర నవీకరణ సంస్థవారు ఆశ్చర్యపోలేదు. రేవుని సందడిగా మార్చమని పైనుంచి ఉత్తర్వు ఉంది. సందడి ముందే వచ్చేసింది కాబట్టి సగం పని పూర్తయినట్టు రాసుకున్నారు. ఎవరిని ఎక్కడ గీశారో అక్కడే నిలబెట్టారు. ఒకాయన ఎప్పుడూ సైకిలు దిగేవాడు కాదు. ఇద్దరు కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతుండేవారు కానీ తాగేవారు కాదు, కప్పుల్లో కాఫీ గీయలేదు.

చిక్కు ఒక్కచోటే వచ్చింది. మిల్లు వెనక కూలీల ఇళ్ల వరసలో నూకరత్నం ఉంటోంది. మిల్లు మూతపడ్డా, మొగుడు పోయినా, నెత్తళ్ల ఎండుచేపలు అమ్ముకుంటూ కోడలు కనకతో ఆ ఇంట్లోనే ఉండిపోయింది. బోర్డు మీది బొమ్మలో ఆ ఇల్లుంది. గోడలకి పసుపు రంగు, ముందు పూలకుండీలు. వాకిట్లో మాత్రం నూకరత్నం లేదు, ఎర్ర బెలూను పట్టుకున్న ఒక అమ్మాయి ఉంది. సోమవారం నుంచీ ఆ అమ్మాయి వాకిట్లోనే నిలబడి నవ్వుతోంది.

ప్లానింగ్ అధికారి శేషగిరి స్వయంగా వచ్చి విషయం చెప్పాడు.

"బొమ్మలో లేనివాళ్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలమ్మా."

"మా ఇల్లుంది గదా బాబూ బొమ్మలోన?"

"ఇల్లుంది. మీరు లేరు."

"అయితే నన్నూ గీసీండి. ఓ మూల, ఇలగ బుట్టట్టుకుని కూకుంతాను."

"బొమ్మకి ఆమోదం అయిపోయింది. ఒకరు రావాలంటే ఒకరు తప్పుకోవాలి." ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆవిడ నొచ్చుకోకుండా మెల్లిగా అన్నాడు. "ఈ వాసన కూడా బొమ్మలో లేదమ్మా."

నూకరత్నం సామాన్లు సర్దలేదు. వంకాయలు తరిగింది. కొత్తగా దిగినవాళ్లు పొయ్యి వెలిగించేదాకా కూర పంపడం ఆ వరసలో ఆనవాయితీ.

"మన్ని ఎల్లగొట్టడానికొచ్చిన గుంటకి కూర పెడతావేటి అత్తా?" అంది కనక.

"దాని మొకం సూడే. వచ్చిన్నాటి నించీ నవ్వుతానే ఉంది, ఏటీ తిన్నట్టు లేదు."

స్టీలు గిన్నెలో వంకాయ నెత్తళ్ల కూర, అన్నం కలిపి తీసుకెళ్లింది. నోరు నవ్వుతున్నట్టు గీసి ఉండటంవల్ల ముద్ద పెట్టడం కష్టమైంది. నూకరత్నం బుగ్గలు నొక్కి చంటిపిల్లకి పెట్టినట్టు పెట్టింది. కారానికి అమ్మాయికి పొలమారింది. నెత్తి మీద తట్టి, నీళ్లు పట్టించి, నిమరబోతే చేతికి వీపు తగిలింది.

"గిన్నె రేపు ఇస్తానండీ," అంది అమ్మాయి, మొదటిసారి నోరు విప్పి.

"కాలీగా ఇవ్వకే తల్లీ. ఇంటికి మంచిది కాదు. సిటికెడు ఉప్పైనా ఏసియ్యి."

అమ్మాయి దగ్గర ఉప్పు లేదు. పంచదారా లేదు. బెలూను గిన్నెలో పట్టలేదు. రాత్రంతా ఆలోచించి, తన దగ్గరున్నది బొమ్మలో చోటు ఒక్కటే కాబట్టి, పొద్దున్నే దాన్ని గిన్నెలో వేసి, పైన పళ్లెం మూసి తెచ్చిచ్చింది.

మూత తీసేసరికి పని అయిపోయింది. నూకరత్నం ఎర్ర బెలూనుతో వాకిట్లో నవ్వుతూ నిలబడి ఉంది. ఆవిడ వీపు పోయింది. అమ్మాయి బొమ్మలో లేదు కనుక సంచి తగిలించుకుని బస్సెక్కింది. కండక్టరు ఫుల్ టిక్కెట్టు కొట్టాడు.

శేషగిరి వచ్చి బోర్డుతో పోల్చి చూసుకుని సంతకం చేశాడు. "చూశారా, ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయి," అని అభినందించాడు.

ఇల్లు దక్కింది. బొమ్మలో తలుపు మూసి గీశారు కాబట్టి లోపలికి వెళ్లడం మాత్రం కుదరదు. మొహం రోడ్డు వైపే ఉండాలన్నది నిబంధన. అందుకని వెనక పడవలు ఒడ్డుకొచ్చిన చప్పుడు వినిపిస్తే, "ఏటి పడ్డాయే?" అని కనకని అడుగుతుంది. కనక బొమ్మలో లేదు. పగలు పనిమనిషి పాసు మీద వచ్చి, దీపాలు పెట్టేలోగా వెళ్లిపోతుంది. ఆదివారాలు జనం వచ్చి నూకరత్నం పక్కన ఫొటోలు దిగుతారు.

మొన్న కనక కొంగు చాటున కూర తెచ్చింది.

"రెండు ముద్దలు తినత్తా. నెత్తల్లే."

నూకరత్నం కళ్లు మూసుకుని వాసన పీల్చింది. "వద్దే. తింటే వీపొస్తాది. వీపొస్తే ఇల్లు పోద్ది."

"పోనీ ఆ నవ్వైనా ఓ పాలి ఆపు. ఇప్పుడెవలూ సూడ్డం లేదు."

"ఎలగాపాలో మర్సిపోయానే."

కనక గిన్నె కొంగులో దాచుకుని బయల్దేరింది. గేటు దగ్గర పాసు చూపించేటప్పుడు తనూ కాస్త నవ్వింది. నవ్వినవాళ్లని తొందరగా వదులుతున్నారు.