నలభై రెండేళ్లకు ఒకటో తరగతి

చదువుకున్నవాళ్లందరూ జీవితంలో రెండోసారి ఒకటో తరగతిలో చేరి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. చెప్పి ఊరుకునే రకాన్ని కాను, చేరి చూపించాను. నా వయసు నలభై రెండు. హాజరు పట్టీలో నా పేరు ఇంకా ఎక్కలేదు గానీ, చివరి వరసలో కిటికీ పక్క కుర్చీ మాత్రం నాదే.

నవ్వకండి! ఈ అదృష్టం నాకు ఊరికే రాలేదు. మా అమ్మాయి పుణ్యమా అని వచ్చింది.

మా అమ్మాయికి ఆరేళ్లు. ఇంట్లో అందరం దొరసాని అంటాం. ఆవిడ నడవదు, చక్రాల కుర్చీలో కూర్చుంటే మేం తోయాలి. నోటితో తినదు. పొట్ట మీద బటన్ లాంటి చిన్న మూత ఉంది, దానికి ట్యూబు తగిలించి, సిరంజి పైకెత్తి పట్టుకుని పాలు పోయాలి. గొంతులో కఫం చేరి గురగురమంటే బుల్లి మిషన్ పెట్టి లాగెయ్యాలి. మాట కూడా తను స్వయంగా అనదు. ఒళ్లో టాబ్లెట్ ఉంటుంది, అందులో బొమ్మ నొక్కితే అది అంటుంది. ఇన్ని సేవలు చేయించుకునే మనిషిని దొరసాని అనక ఇంకేమంటారు?

ఈ దొరసానికి బడంటే ప్రాణం. సీటివ్వడానికి ప్రిన్సిపాల్ మేడమ్ గారు ఒకే ఒక్క షరతు పెట్టారు.

"పాపను తప్పకుండా చేర్చుకుంటామండీ, అందులో సందేహమే లేదు. కాకపోతే బడి ఉన్నంతసేపూ మీలో ఎవరో ఒకరు పక్కనే కూర్చోవాలి. మా స్టాఫ్‌కి ఆ గొట్టాలూ మిషన్లూ చూస్తేనే భయం."

మా ఆవిడకు ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. మా ఆసుపత్రి ఇన్సూరెన్సు మొత్తం ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. మరి నేనో? పత్రికకు కాలమ్ రాస్తాను. బంధుమిత్రులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పేశారు. "నువ్వు ఎలాగూ కూర్చుని రాసేవాడివేగా! అక్కడే కూర్చుని రాసుకో!" రాయడమంటే కూర్చోవడమేనన్న సత్యం సాహిత్య లోకానికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అలా నాకు సీటొచ్చింది. ఇంటర్వ్యూ లేదు, సిఫార్సు లేదు!

ఇక లాభాలు వినండి. మొదటిది ఆరోగ్యం. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఒకటో తరగతి కుర్చీలో కూర్చుని ఉండరు. నేను కూర్చున్నాను. వంగాను. మోకాళ్లు గడ్డానికి తగిలేదాకా వంగాను. లేచేటప్పుడు ఒక్కోసారి కుర్చీ కూడా నాతోపాటే లేస్తుంది. అప్పుడు క్లాసంతా చప్పట్లు కొడుతుంది. ఏ ఆఫీసులోనైనా లేచి నిలబడినందుకు మీకెవరైనా చప్పట్లు కొట్టారా?

రెండోది విద్య. చంద్రుడు ఒక్కోరోజు ఒక్కోలా ఎందుకు కనిపిస్తాడో నా చిన్నప్పుడు బట్టీ పట్టాను. ఇప్పుడు టీచరమ్మ బంతీ టార్చిలైటూ పట్టుకుని చూపిస్తే అర్థమైంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పక్క కుర్చీలోని మా దొరసాని నేస్తం నా మోచేతిని పొడిచి, "అంకుల్, నోరు మూసుకోండి, ఈగ దూరుతుంది" అంది. ఆ అమ్మాయికి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఊడిన పళ్ల సందులోంచి వచ్చే సలహాకు ఎంత విలువ ఉంటుందో నేనిప్పుడే తెలుసుకుంటున్నాను.

క్రమశిక్షణ సంగతి అడగనే అక్కర్లేదు. ఒకరోజు ముందు కుర్చీలోని పిల్లవాడు కూడిక తెలియక బిక్కమొహం వేస్తే, పాపం కదా అని జవాబు గొణిగాను. "ఎవరది వెనకాల మాట్లాడేది?" అని టీచరమ్మ గద్దించింది. ఇరవై వేళ్లు నా వైపు చూపించాయి. జవాబు అందుకున్నవాడి వేలు కూడా వాటిలో ఉంది! లోకం తీరు ఇంత చవగ్గా ఎవరు నేర్పుతారు?

మా దొరసాని పరపతి కూడా చెప్పాలి. ఆవిడ పొట్ట మీది బటన్ చూశాక క్లాసులో సగంమందికి దానిమీద మనసు పడింది. ఒక తల్లి గేటు దగ్గర నన్ను పట్టుకుని నిలదీసింది. "ఏమండీ, మావాడు కూరగాయలు నోట్లో పెట్టనంటున్నాడు. తనకీ గొట్టం పెట్టించమని ఒకటే ఏడుపు. మీ పాప చాలా అదృష్టవంతురాలట!" ఆరేళ్లలో మా అమ్మాయిని చూసి కుళ్లుకున్న మొదటి మనిషి ఆ పిల్లవాడే. వాడికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇంకో మహా సౌకర్యం ఏమిటంటే, మా ఇంట్లో బడి రహస్యాలు ఉండవు. సాయంత్రం మా ఆవిడ వచ్చి, "ఇవాళ బడిలో ఏం చేశావే బంగారం?" అని అడుగుతుంది. దొరసాని వేలు టాబ్లెట్ దాకా చేరేలోపు నేనే చెప్పేస్తాను. పాట పాడించారనీ, పక్కపిల్ల రబ్బరును దొరసాని కావాలనే కింద పడేసిందనీ, తీసిస్తే మళ్లీ పడేసిందనీ.

"నేనడిగింది దాన్ని. మధ్యలో మీరెందుకు?" అంటుంది మా ఆవిడ. దొరసాని నా వైపు చూసే చూపు గురించి ఇక్కడ రాయను.

పొగడ్తలకైతే కొదవే లేదు. "మీలాంటి తండ్రి ఉండటం ఆ పాప అదృష్టం" అంటారు ప్రిన్సిపాల్ మేడమ్. "మీ ఓపికకు దండం పెట్టాలి" అంటారు తోటి తల్లిదండ్రులు. "ఆ గొట్టం పని మీకు తప్ప ఎవరికి చేతనవుతుందండీ?" అంటారు ఆఫీసుగదిలోవాళ్లు. నన్ను అందరూ కలిసి మునగచెట్టు ఎక్కించారు. దిగుదామని చూస్తే కింద నిచ్చెన పట్టుకునేవాడు లేడు. సగంపూట కేటాయిస్తే ఒక టీచరుకు ఆ పనంతా నేర్పిస్తామని మా ఆసుపత్రి నర్సమ్మ ఎప్పుడో కబురు పంపింది. "చూద్దామండీ" అన్నారు మేడమ్. చూస్తూనే ఉన్నారు.

ఈలోగా నాకు జ్వరం వచ్చింది. నాకు జ్వరమొస్తే అమ్మాయికి ఆబ్సెంటు! నిక్షేపంలా ఉన్న పిల్ల యూనిఫాం వేసుకుని, తలుపు వైపు చూస్తూ ఇంట్లో కూర్చుంది. మాత్ర వేసుకునే చేత్తోనే సెలవు చీటీ రాశాను. "మా నాన్నకు ఒంట్లో బాగోలేదు గనుక నేను బడికి రాలేను" అని.

ఇంత చక్కటి పద్ధతిని ఒక్క బడికే పరిమితం చేయడం అన్యాయం. అందరికీ వర్తింపజేయాలి. బస్సు డ్రైవరు పక్కన వాళ్ల నాన్న కూర్చుని, "నెమ్మదిగా పోనీరా" అంటూ ఉండాలి. ఆపరేషన్ చేసే డాక్టరు వెనకాల వాళ్లమ్మ నిలబడి చెమట తుడవాలి. ప్రిన్సిపాల్ మేడమ్ గారి గదిలో వాళ్ల నాన్నగారు స్టూలు వేసుకుని, ఆవిడ మంచినీళ్లు తాగిందో లేదో చూసుకోవాలి. ఆయనకు మోకాళ్ల నొప్పి వచ్చిన రోజు మేడమ్ గారు బడికి రాకూడదు. ఏం, తప్పా?

సరిగ్గా ఈ ప్రతిపాదన రాసుకుంటూ ఉండగా, మొన్న లెక్కల పీరియడ్ మధ్యలో మా దొరసాని టాబ్లెట్, "టాటా" అంది.

"బడి ఇంకా అవలేదు తల్లీ" అన్నాను.

"టాటా."

"పొరపాటున నొక్కావా?"

"టాటా. టాటా. టాటా." ఈసారి కళ్లు నామీదే ఉన్నాయి.

పళ్లూడిన నేస్తం నన్ను జాలిగా చూసింది. "అంకుల్, అది బడికి కాదు. మీకు చెబుతోంది."

టాబ్లెట్‌లో మాటలన్నీ మా ఆవిడ గొంతుతో రికార్డు చేసినవే. ఆ గొంతు నన్ను బయటికి పొమ్మనడం నాకు కొత్తేమీ కాదు. క్లాసందరి ముందూ పొమ్మనడం మాత్రం అదే మొదలు!

టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ, "పోనీ కాసేపు వరండాలో ఉండండి సార్. తలుపు తీసే ఉంచుతాను. గురగుర వినిపిస్తే పిలుస్తాను" అంది.

"మీకు తెలుస్తుందా అమ్మా?"

"రోజూ వింటున్నదేగా సార్. నేర్పిస్తే మిగతాదీ నేర్చుకుంటాను. మేడమ్ గారు ఒప్పుకోవాలి గానీ."

మిషన్ సంచీ భుజాన వేసుకుని, అల్లరి చేసి బయట నిలబడ్డ పిల్లాడిలా వరండాలో నిలబడ్డాను. కాసేపటికి లోపల అందరూ ఒక్కసారిగా గొల్లున నవ్వారు. అందరి నవ్వుల మీదుగా మా దొరసాని నవ్వు, ఆ సన్నటి కీచు శబ్దం, స్పష్టంగా వినిపించింది. గబగబా లోపలికి వెళ్లాను. క్లాసు గప్‌చుప్!

"ఏమైంది? ఎందుకు నవ్వారు?"

మా దొరసాని పైకప్పు కేసి చూస్తోంది. పళ్లూడిన నేస్తం పెదాలు బిగించి, "ఏం లేదంకుల్" అంది. టీచరమ్మ బోర్డు వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంటికెళ్లే దారంతా బతిమాలాను. "నాకొక్కడికే చెప్పు తల్లీ, ఎవరికీ చెప్పను." దొరసాని వేలు టాబ్లెట్ మీద బొమ్మలన్నీ తిరిగి తిరిగి, ఒకచోట ఆగింది. "నిద్రొస్తోంది" అంది టాబ్లెట్. కళ్లు మూసుకుంది దొంగపిల్ల! పెదవుల చివర నవ్వు దాగలేదు.

మా అమ్మాయి నా దగ్గర దాచిన మొదటి సంగతి అది. నాకు పట్టరాని ఆనందం కలిగింది. నడిరోడ్డు మీద కళ్లు తుడుచుకున్నానని చెప్పడానికి సిగ్గుపడను. దాని ఒంట్లో ప్రతి గురగురా నాకు తెలుసు. నాకు తెలియని అల్లరి ఒక్కటైనా దానికి ఉండొద్దూ?

అందుకని ప్రిన్సిపాల్ మేడమ్ గారికి ఈ కాలమ్ ద్వారా ఒక విన్నపం. ఒకటో తరగతి గొప్పదనం గురించి పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నేను మంచి విద్యార్థిని కాను. పాఠం మధ్యలో మాట్లాడతాను. జవాబులు అందిస్తాను. బడి చాడీలు ఇంటికి మోస్తాను. కుర్చీ కూడా కొద్దిగా పగిలింది. ఇలాంటివాళ్లకు టీసీ ఇచ్చి పంపెయ్యడం మీ బడి ఆనవాయితీ కదా! టీచరమ్మను ఆ సగంపూట నర్సమ్మ దగ్గరికి పంపించి, నాకూ టీసీ ఇచ్చెయ్యండి. నాకు ఒక్కడికే. అమ్మాయిని అక్కడే ఉండనివ్వండి.

బడి వదిలే వేళకు నేను మిగతా నాన్నలతో పాటు గేటు బయట ఎండలో నిలబడతాను. "ఇవాళ బడిలో ఏం చేశావమ్మా?" అని అడుగుతాను. అందరి పిల్లలూ చెప్పే జవాబే మా పిల్లా చెప్పాలి కదా! "ఏం లేదు" అనే బటన్ నిన్ననే టాబ్లెట్‌లో చేర్చాం. మా ఆవిడ గొంతు సవరించుకుని, చాలా నిర్లక్ష్యంగా, చాలా బాగా రికార్డు చేసింది. ఇక నన్ను గేటు బయటికి గెంటడమే తరువాయి.