చూశాకేగారి ఒకే ఒక్క ఫిర్యాదు

కొత్త విడుదలలోపు పూర్తి చేయవలసిన పనులు:

తెర వెనుక నీలానికి బదులు మరింత నీలం వేయుట.
స్వాగత సందేశం చివర ఆశ్చర్యార్థకాలు ఒకటుండాలా రెండుండాలా అన్నది ఉపసంఘానికి అప్పగించుట.
టీ కప్పుల మీద కొత్త గుర్తు ముద్రించుట.
ఎవరూ వాడని డ్రైవర్లను తొలగించుట.
సమయం మిగిలినచో, పరీక్షలు జరుపుట.

సైకిళ్ళ దుకాణం పైన అద్దెకు తీసుకున్న హాల్లో, గోడకు అంటించిన ఈ జాబితాను సంఘ సభ్యులందరూ లేచి నిలబడి ఆమోదించారు. కుర్చీలు చాలక కొందరు మొదటినుంచీ నిలబడే ఉన్నారు. వారి ఆమోదం మరింత గట్టిదిగా నమోదైంది.

ఈ సంఘం ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి లోకానికి ఉచితంగా ఇస్తుంది. దాని లోపలి రాతంతా బహిరంగం. ఎవరైనా తెరిచి చదవవచ్చు, తప్పులుంటే దిద్దవచ్చు. ఎవరైనా చదవవచ్చు కనుక ఎవరో ఒకరు చదివే ఉంటారన్న నమ్మకంతో ఎవరూ చదవరు. ఇక డ్రైవర్ అంటే ఇక్కడ బండి తోలే మనిషి కాదు. కంప్యూటరు మాట ప్రింటరుకు తెలియదు, ప్రింటరు మాట కంప్యూటరుకు తెలియదు. మాటల్లేని ఇద్దరు తోడికోడళ్ళ మధ్య ఇంటి ఆడపడుచు అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసినట్టు, ఆ రెంటి మధ్యా తిరిగే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. అది మాట సరిగ్గా చేరవేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న ఇంట్లో ఆడపడుచు ఊసు ఎవరికీ రాదు.

డ్రైవర్‌లో ఏ మార్పు చేసినా దాని కింద ముగ్గురు 'పరీక్షించాను' అని సంతకం చేయాలన్నది సంఘం నియమం. సంఘం చిన్నగా ఉన్న రోజుల్లో ఆ మాటకు, పరికరాన్ని తెచ్చి తగిలించి నడిపి చూశాను అని అర్థం. సభ్యులు పెరిగారు గానీ పరికరాలు పెరగలేదు. అందుచేత అర్థాన్నే పెంచారు. మొదట అది 'చదివాను' అయింది. తరువాత 'చదవబోయాను' అయింది. ఇప్పుడు 'రాసినవాడు నాకు తెలుసు' దగ్గర స్థిరపడింది.

ఈ పురోగతికి అడ్డుపడుతున్న సభ్యుడు ఒకే ఒక్కడు. ఏ మార్పు ముందుకొచ్చినా, "చూశాకే పెడతానండీ సంతకం" అంటాడు. అందుకని అతనికి చూశాకే అని పేరు పెట్టారు. వయసు వచ్చాక మర్యాదకి 'గారు' కలిపారు. చూశాకేగారు వాళ్ళింట్లో మొదటి పట్టభద్రుడు. డిగ్రీ కాగితం చేతికొచ్చిన రోజున, జన్మంతా వేలిముద్రలు వేసిన తండ్రి దాన్ని తిరగేసి చూసి, "నాకు అక్షరం రాక చూడకుండా వేశానురా. నువ్వు అక్షరం వచ్చీ చూడకుండా పెట్టావనుకో, ఇంత ఖర్చూ దండగ" అన్నాడు. పాపం, ఆ మాటను కొడుకు నిజంగానే పట్టించుకున్నాడు.

తొలగింపు అంశం మీద అధ్యక్షులు ప్రసంగించారు. సంఘం ప్రొజెక్టరుకు సంఘం సిస్టమ్‌తో పడదు కాబట్టి, ప్రసంగం తాలూకు బొమ్మలు డబ్బిచ్చి కొన్న వేరే సిస్టమ్ మీద నడిచాయి.

"మిత్రులారా! ఫిర్యాదు అంటే ఏమిటి? అది ప్రేమలేఖ! మన శబ్దపు కార్డు డ్రైవర్‌ను చూడండి. రోజుకు రెండుసార్లు మూగబోతుంది. మూగబోయిన ప్రతిసారీ వందలమంది మనకు రాస్తారు. వందలమంది గుండెల్లో ఉంది కాబట్టే దానికి ఈ ఏడు ప్రజాదరణ పురస్కారం ఇస్తున్నాం. మరోవైపు కొన్ని డ్రైవర్ల మీద ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు లేదంటే మనిషి లేడు. మనుషుల్లేని ఇళ్ళకు మనం ఎంతకాలం సున్నం వేద్దాం?"

చప్పట్లు మోగాయి. కార్యదర్శి తొలగించవలసినవి చదివాడు. మూడో పేరు 'చుక్కల పలక'.

చుక్కల పలక కీబోర్డుకు ముందు పెట్టుకునే సన్నటి పరికరం. దాని మీద వరుసగా చిన్న చిన్న రంధ్రాలు. తెర మీద ఏ అక్షరం పడితే ఆ అక్షరం తాలూకు మొనలు ఆ రంధ్రాల్లోంచి పైకి లేస్తాయి. కళ్ళు లేనివారు వేళ్ళతో తడిమి చదువుకుంటారు. చూశాకేగారి పెద్దమ్మ పెద్దాసుపత్రి టెలిఫోన్ గదిలో, మెట్ల కింద, ఒక కిటికీ, ఒక ఫ్లాస్కు, ఒక పలకతో పాతికేళ్ళుగా కూర్చుంటోంది. ఫలానా మనిషి ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే పేరు కొట్టి, పలక మీద వార్డు నెంబరు తడిమి, ఫోను కలిపేస్తుంది. ఆ కుర్చీ మీద సూపరింటెండెంటుగారి కన్ను పడి చాలాకాలమైంది. రికార్డు చేసిన గొంతుతో మాట్లాడే పెట్టె కొనాలని ఆయన కోరిక. "ఒక్క తప్పు కనెక్షన్ పోతే చాలమ్మా, మీకు విశ్రాంతి ఇప్పిస్తాను" అని అప్పుడప్పుడూ ఆప్యాయంగా చెప్పిపోతుంటాడు.

చూశాకేగారు లేచాడు. "ఆ పలకని మా పెద్దమ్మ రోజూ వాడుతుందండీ. బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"మరి ఫిర్యాదేదీ?" అన్నాడు కార్యదర్శి.

"పనిచేస్తోంటే ఫిర్యాదేమిటండీ?"

"పనిచేస్తోందని నోటితో చెప్తే ఎట్లా? ఫారంలో 'ఏమి చెడింది' అని గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఫారం కదలదు. కదలకపోతే వాడుతున్నట్టు లెక్కలోకి రాదు. పెద్దమ్మగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ లెక్కలో ఆవిడ లేరు."

లెక్కలో లేని పెద్దమ్మ ఆ మధ్యాహ్నం టెలిఫోన్ గదిలో సంగతంతా విని పకపకా నవ్వింది.

"ఏదో ఒకటి చెడిందని రాసి పారెయ్యరా."

"అబద్ధం ఎలా రాయను పెద్దమ్మా?"

"అయితే నిజంగానే చెడగొట్టు."

"ఆ డ్రైవర్‌ని మేడమ్ ఎంత శ్రద్ధగా రాసిందో చూశావా, చెడగొట్టడానికి ఎక్కడా సందు లేదు."

"చూడక్కర్లేదు, నాకు తెలుసు. ఇక్కడే, నా పక్కనే స్టూలేసుకుని కూర్చునేది ఆ లెక్కల మేడమ్. 'ఇప్పుడేం తగిలింది? మరి ఇప్పుడు?' అంటూ ప్రాణం తీసేది. నేను విసుక్కుంటే ఫ్లాస్కులో టీ నాకే పోసి తాగమనేది. ఏం మనిషో!"

ఆ డ్రైవర్ రాసింది ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ. రాత పైభాగాన ఒకే ఒక్క వరుస వదిలి వెళ్ళింది: 'ఏదైనా చెడితే నాకు రాయండి.' కింద చిరునామా.

"ఇంకొంచెం ఆలోచించు పెద్దమ్మా. ఎప్పుడైనా, ఏదైనా, పిసరంత ఇబ్బంది?"

పెద్దమ్మ వేళ్ళు ముడిచి తెరిచింది. "చలికి చేతులు పగిలి క్రీము రాసుకున్న రోజున వేళ్ళు జారతాయిరా. అది పలక తప్పా? నా వేళ్ళ తప్పు."

చూశాకేగారి మొహం వెలిగింది. ఆయన జీవితంలో మొదటి ఫిర్యాదు, ప్రతి అక్షరం నిజమైన ఫిర్యాదు, ఆ సాయంత్రమే సంఘానికి చేరింది: 'చేతికి క్రీము రాసుకున్నప్పుడు చుక్కల మీద వేలు జారుచున్నది.'

సంఘం పులకించింది. చనిపోయిందనుకున్న డ్రైవర్ మీద ప్రాణమున్న ఫిర్యాదు! 'జారుడు సమస్య' అని దానికి పేరు పెట్టి, అత్యవసరం అని ఎర్రరంగు పూసి, ముగ్గురు మెరికల్లాంటి కుర్రాళ్ళతో జట్టు వేశారు. వారిలో ఒకడు మొదటి సమావేశంలోనే, "ఇంతకీ ఈ పలక ఎంతుంటుంది? తలుపంత ఉంటుందా?" అని లోతైన ప్రశ్న వేశాడు.

చూశాకేగారు పరుగున వెళ్ళాడు. "బాబూ, వేళ్ళు జారితే డ్రైవర్ని మార్చక్కర్లేదు. నేను పలక తెస్తాను, ఒక్కసారి తగిలించి చూడండి."

"ఎక్కడ తగిలిస్తారు సార్?" అన్నాడు కార్యదర్శి. "హాల్లో ఉన్న ప్లగ్గులు రెండు. ఒకటి కెటిల్‌ది, ఒకటి ప్రొజెక్టరుది."

కెటిల్ తీయడం జరిగే పని కాదు. కాబట్టి జట్టువారు పలకలాగా నటించే ఒక ప్రోగ్రాము రాసి, తమ డ్రైవర్‌ను దాని మీద పరీక్షించారు. రెండూ రాసింది వాళ్ళే కాబట్టి రెంటికీ చక్కగా కుదిరింది. పరిష్కారం కూడా ముచ్చటైనదే: వేలు జారినా తప్పిపోకుండా ప్రతి గుర్తునూ రెండేసిసార్లు లేపడం. ఈ విడుదలలో అంకెలకు మాత్రమే, అక్షరాలకు వచ్చే విడుదలలో. పనిలో పనిగా రాత పైనున్న పాత వరుసను కూడా తీసేశారు. ఆ చిరునామాకు ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ వెళ్ళలేదని విచారణలో తేలింది కాబట్టి, అది నిరుపయోగం. ముగ్గురు 'పరీక్షించాను' అన్నారు. చూశాకేగారు అనలేదు. ఆయన అననక్కరలేదు, ముగ్గురు చాలు.

సంఘం విడుదల చేసినదాన్ని ఆస్పత్రి కంప్యూటర్లు ఎవరినీ అడగకుండా తమంతట తామే తెచ్చుకుంటాయి. ఇది సంఘం గర్వించే సదుపాయం.

మర్నాడు పొద్దున పెద్దమ్మ ఎప్పటిలాగే కూర్చుని, ఎప్పటిలాగే తడిమి, ఎప్పటిలాగే కలిపింది. మూడో వార్డు కాన్పులది, ముప్ఫైమూడోది ఎముకలది. కొత్తగా తండ్రైన ఒకాయన ఫోన్ చేసి మగబిడ్డ ఎలా ఉన్నాడని అడిగితే, ఎముకల వార్డు నర్సు, "ఏం భయం లేదండీ, ఎల్లుండి కర్ర పట్టించి నడిపిస్తాం" అంది. ఆయన వీధిలో ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. వాళ్ళ వంశంలో ఇంత తొందరగా నడిచినవాడు లేడట.

తరువాతి ఫోను సంఘం అధ్యక్షులది. వారి మామగారు గుండె పరీక్షల కోసం ఒకటో వార్డులో ఉన్నారు. పదకొండు శవాల గది నెంబరు. అక్కడి ఉద్యోగి కర్తవ్యనిష్ఠతో, "కాగితాలు తెచ్చుకుని మధ్యాహ్నంలోపు తీసుకెళ్ళిపోండి, చోటు చాలట్లేదు" అన్నాడు. అధ్యక్షులు పూలదండతో, బంధుబలగంతో, వణుకుతున్న గొంతుతో సిద్ధం చేసుకున్న నాలుగు మాటలతో వెళ్ళారు. మామగారు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. "దండెందుకు అల్లుడూ? ఇంత గౌరవం నా షష్టిపూర్తికి కూడా చెయ్యలేదే!" అని మెడ వంచారు.

ఆ తరువాత ఎవరో పన్నెండో వార్డు మనిషిని అడిగారు. పెద్దమ్మ వేళ్ళకు తగిలింది 1122.

"మా ఆస్పత్రికి అన్ని ఇటుకలు కూడా లేవు కదరా!" అనుకుని, ఒక్క క్షణం ఆలోచించి, పొద్దుటినుంచీ తాను ఎవరిని ఎక్కడికి పంపిందో లెక్కగట్టుకుని, వెంటనే చూశాకేగారికి ఫోన్ చేసింది. "నువ్వు రాసిన ప్రేమలేఖకి జవాబొచ్చిందిరా. త్వరగా రా."

ఆయన వెళ్ళేసరికి సూపరింటెండెంటుగారు అక్కడే ఉన్నాడు, ఆప్యాయంగా. పెద్దమ్మ కుర్చీ అప్పటికే గది బయట ఉంది. మాట్లాడే పెట్టె బల్ల మీద ఉంది. పెద్దమ్మ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"పాతికేళ్ళలో ఒక్క పొద్దున తప్పు పోయిందండీ, అదీ ఆవిడది కాదు" అన్నాడు చూశాకేగారు.

"ఎవరిదైనా తప్పు తప్పే కదండీ" అన్నాడు సూపరింటెండెంటు, న్యాయంగా.

చూశాకేగారు సంఘానికి పరుగెత్తాడు. మార్పును వెనక్కి తీసుకోమన్నాడు. వెనక్కి తీసుకోవడం కూడా మార్పే కాబట్టి ముగ్గురు పరీక్షించాలని కార్యదర్శి గుర్తుచేశాడు. జట్టులోని ముగ్గురూ తలలు అడ్డంగా ఊపారు. "పరికరం చూడకుండా మేమెలా సంతకం పెడతాం సార్? మీరే కదా నేర్పించారు!"

చూశాకేగారు ఇక ఎవరినీ అడగలేదు. తిరిగి ఆస్పత్రికి వెళ్ళి, లెక్కల మేడమ్ రాసిన పాత డ్రైవర్‌ను పెద్దమ్మ కంప్యూటరులో తన చేత్తో పెట్టాడు. గదిలోంచి తీగ లాగి, మెట్ల మీదే పలకను ఆమె ఒళ్ళో పెట్టి, "ఇప్పుడేం తగిలింది పెద్దమ్మా? మరి ఇప్పుడు?" అని ఒక్కో వార్డూ అడిగాడు. "నువ్వూ తయారయ్యావురా ప్రాణం తీయడానికి" అంది ఆమె.

లోపల గదిలో మాట్లాడే పెట్టె మధురంగా, "నమస్కారం! మీరు ఏ వార్డుకు..." అని మూగబోయింది. దానిలోనిది శబ్దపు కార్డు. ప్రజాదరణ పురస్కారం పొందిన డ్రైవరే దానిది. మళ్ళీ మీట నొక్కితే మళ్ళీ "నమస్కారం!" అని మళ్ళీ మూగబోయింది. బయట లైన్లన్నీ మోగుతున్నాయి. సూపరింటెండెంటుగారు కుర్చీని తానే మోసుకొచ్చి లోపల పెట్టాడు.

సంవత్సరాంతపు సభలో అధ్యక్షులు చుక్కల పలక డ్రైవర్‌ను ప్రత్యేకంగా ప్రశంసించారు. ఒక్క ఉదయంలో అన్ని ఫిర్యాదులు తెచ్చిన డ్రైవర్ సంఘం చరిత్రలోనే లేదు. దాన్ని ఇక ఎప్పటికీ తొలగించరాదని తీర్మానించారు. జట్టుకు శాలువాలు కప్పారు. కోరిక నెరవేరినందుకు చూశాకేగారిని అభినందించి, కొత్త గుర్తు ముద్రించిన టీ కప్పు ఇచ్చారు. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ లెక్కలో లేదు. ఆవిడ వాడుతున్నది సంఘం గుర్తించని డ్రైవర్. దాని మీద ఫిర్యాదు లేదు.

పాఠక మహాశయులారా, మీరు కూడా తెలివైనవారే. పంపులో నీళ్ళు రానినాడు తప్ప పంపు పెట్టినవాడిని, దీపం ఆరిననాడు తప్ప తీగ లాగినవాడిని మీరూ తలుచుకుని ఉండరు. అందుకని చిన్న మనవి. మీ చేతికింద ఈ క్షణాన చప్పుడు చేయకుండా పనిచేస్తున్నది ఏదైనా ఉంటే, పక్కన స్టూలేసుకుని కూర్చుని, విసుక్కున్నా ఓర్చుకుని, "మరి ఇప్పుడు?" అని అడిగిన ఆ లెక్కల మేడమ్‌ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఉత్తరం రాయనక్కరలేదు. చిరునామా తీసేశారు. మనం ఎలాంటివాళ్ళమో ఆవిడకు ముందే తెలుసనుకుంటాను. 'ఏదైనా చెడితే' రాయమంది గానీ, బాగుంటే రాయమనలేదు.