ఎదురొచ్చే విమానం

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా కొన్న రిమోట్ విమానాన్ని మైదానంలో నాలుగు చుట్లు తిప్పి ఇంటికొచ్చేయాలి. అసలు సంగతి అది కాదని ఆయనకూ తెలుసు. భార్య అలిగి తన అక్కగారింటికి వెళ్ళి వారమైంది. బాత్రూం గ్లాసులో ఇప్పుడు ఒక్క బ్రష్షే ఉంటోంది. దాన్ని చూసినప్పుడల్లా ఇల్లు మొత్తం బోసినోరులా అనిపించి ఆయనకు దిగులు ముంచుకొస్తోంది.

అలకకు కారణం ఆయన వృత్తే. రోగి నోట్లో పరికరం పెట్టి "పిల్లలెలా ఉన్నారు?" అని అడగడం, జవాబు కోసం ఆగకపోవడం ఆయనకు అలవాటు. ఇంట్లోనూ అంతే. "జవాబు చెప్పలేని వాళ్ళని అడిగీ అడిగీ, నోరున్న పెళ్ళాం ఒకతె ఉందని మర్చిపోయారు," అంటూ ఆవిడ సంచి సర్దుకుంది.

ఆ అక్కగారిల్లు మైదానం అంచునే ఉంది. విమానం అమ్మిన బొమ్మల కొట్టాయన నేర్పడానికి వెంట వచ్చాడు.

"ముందు గాలెటు నుంచి వస్తోందో చూడండి సార్. ఎప్పుడూ గాలికి ఎదురుగానే విసరాలి."

డాక్టరుగారు గడ్డిపరకలు ఎగరేసి చూశారు. గాలి సరిగ్గా ఆ ఇంటి వైపు నుంచే వీస్తోంది. "అయితే అటే విసరాలన్నమాట!" అన్నారు, సంబరం దాచుకోలేక.

"పైకి లేవగానే ఎడమకి తిప్పేయండి, ఎదురుగా, కుడివైపు అన్నీ ఇళ్ళే. ఇంకొకటి, విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్ళు తడబడేది అక్కడే."

డాక్టరుగారి తంటా అక్కడ కాదు. ఏళ్ళ తరబడి నోట్లో చిన్న అద్దం పెట్టి, అందులో చూస్తూ పళ్ళు చెక్కిన చెయ్యి ఆయనది. దానికి తారుమారే సవ్యం. విమానం తిన్నగా ముందుకు పోతుంటే ఎడమ అనుకుని కుడికి తిప్పారు. దిద్దబోయి ఇంకాస్త కుడికి తిప్పారు. అది గోడ దాటి, డాబా మీద ఆరేసిన దుప్పట్లో దూరి, దుప్పటితో సహా కూలబడింది.

"ఒసేయ్, మీ ఆయన మన మీదికి కెమెరా పంపించారే!" అని వదినగారు కేకపెట్టారు.

కెమెరా అనేసరికి వీధి వీధంతా మైదానంలోకి దిగింది. "మా డాబా కూడా తీశారా?" అని ఒకావిడ నిలదీసింది.

బొమ్మల కొట్టాయన అడ్డుపడ్డాడు. "అబ్బే, ఇందులో లేదండీ! సారు కెమెరా ఉన్నదే అడిగారు గానీ, స్టాకు లేదు."

డాక్టరుగారు తల దించుకున్నారు. ఇంతలో భార్య విమానం పట్టుకుని పిట్టగోడ దగ్గరికొచ్చింది. వారం తర్వాత ఆ ముఖం కనబడగానే ఆయన దించిన తల ఎత్తేశారు.

"ఇదిగో, పట్టుకోండి!" అని విసిరింది.

"అలా కాదమ్మా, గాలి వెనకనుంచి వస్తోంది!" అంటూ కొట్టాయన లబోదిబోమన్నాడు. విమానం ఊగుతూ గుంపు మీదికే వస్తోంది. జనం చెల్లాచెదురయ్యారు. కానీ ఇప్పుడు కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. అంటే, అంతా అద్దంలో ఉన్నట్టే ఉంది. డాక్టరుగారి చేతికి ప్రాణం లేచొచ్చింది. విమానాన్ని తన కాళ్ళ ముందు దూది పెట్టినంత మెత్తగా దించారు.

"పంపడం రాదు గానీ, రప్పించుకోవడం బాగానే వచ్చే!" అంది భార్య పైనుంచి.

"రప్పించుకోవాలనే ఉంది. నువ్వు లేక ఇల్లు బోసిపోయింది. వస్తావా?" అన్నారాయన. అలవాటుగా ఇంకో ప్రశ్న నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేసి, రిమోటు కింద పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డారు.

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. ఆ తర్వాత జవాబు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళైన కొత్తలో "ఈ ఇల్లు నచ్చిందా?" అని అడిగి, ఆయన క్లినిక్కి వెళ్ళిపోయారట. నచ్చలేదట. అక్కణ్ణుంచి వరసగా, ఆయన అడిగి వదిలేసిన వాటన్నిటికీ చెప్పుకుంటూ వచ్చింది. జనం విసుగెత్తి ఇళ్ళకు పోయారు. మెడ పట్టేసినా డాక్టరుగారు తల దించలేదు. ఆ గొంతు ఇంకాసేపు వినపడితే చాలనుకున్నారు.

"వస్తాను" అన్న మాట దగ్గరికి ఆవిడ చేరేసరికి విమానంలో బ్యాటరీ అయిపోయింది.